దీవెనమ్మగారి పిడికెడు

రేగులంక,
14 జూలై 1998

అత్తయ్యగారికి ప్రకాశం నమస్కారాలు.

లంకకి చేరాను. ఎలా చేరానో మాత్రం నాన్నగారికి చెప్పకండి. అమలాపురం నుంచి సైకిలు తొక్కుకుంటూ ముక్తేశ్వరం దాటి రేవుకి వెళ్తే, పడవలో సైకిలుకి చోటు దొరికింది గానీ నాకు దొరకలేదు. ఒక గేదె పక్కన నిలబడి గౌతమి దాటాను. దిగేటప్పుడు మోకాలి లోతు బురదలో కూరుకుపోయాను. పడవ నడిపే అప్పలస్వామి ముందు సైకిలుని ఒడ్డుకి చేర్చి, దాన్ని తుడిచి, స్టాండు వేసి, ఆ తర్వాత నా దగ్గరికి వచ్చాడు. "సైకిలు తుప్పడతాదండి, మీరు పట్టరు కదండి" అన్నాడు.

మిషను వాళ్ళు చూపించిన ఇల్లు కొబ్బరాకుల పాక. వానొస్తే మంచం వేసిన చోట కారుతుంది. మంచం జరిపితే అది కూడా నాతోపాటే జరుగుతుంది. అయినా ఫరవాలేదు. మీరు పట్టుబట్టి నన్ను ఈ సువార్త పనిలో పెట్టారు కాబట్టి ఏడాదైనా ఉండి చూపిస్తాను.

వచ్చిన రోజే ఒక విచిత్రం జరిగింది. నుదుట రూపాయంత బొట్టు పెట్టుకున్న ఒక పెద్దావిడ కొబ్బరి చిప్పలో పిడికెడు బియ్యం తెచ్చి నా గుమ్మంలో పెట్టింది. పిడికెడే. నన్ను చూసి ముష్టివాడు అనుకుందని నాకు తల కొట్టేసినట్టయింది. "నేను అడుక్కోవడానికి రాలేదమ్మా, చెప్పడానికి వచ్చాను" అని చిప్ప ఆవిడ చేతికే ఇచ్చేశాను. ఆవిడ చిప్ప కొంగులో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఈ లంకలో నాకు అగ్గిపెట్టె కూడా ఎవరూ ఇవ్వడం లేదు. ఆదివారం ఆరాధనకి నేనూ, ఒక కుక్కా హాజరయ్యాం. ప్రార్థన కాకుండానే కుక్క వెళ్ళిపోయింది.

అమలాపురం బావ కొబ్బరికాయల కొట్టులో గుమస్తా పని ఉందట. ఈస్టరు దాకా ఖాళీగా ఉంచుతానన్నాడు. నేను ఏమీ చెప్పలేదు.

మీరు వయసులో ఉండగా ఇల్లిల్లూ వాక్యం చెప్పే బైబిలమ్మగా ఈ లంకలన్నీ తిరిగారు కదా. ఇక్కడ మీ పేరు చెప్పుకోనా?

మీ మేనల్లుడు
జ్ఞానప్రకాశం


రాజోలు,
3 ఆగస్టు 1998

ఒరేయ్ ప్రకాశం,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి, నీ పాకని వెచ్చగా చూడాలి. నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత జాలిపడ్డాను, కుక్క సంగతి దగ్గర మళ్ళీ నవ్వాను.

నీకు అప్పుడే నీరసమా? యేసుప్రభువు మాట చెబుతూ దేశాలన్నీ తిరిగిన పౌలుగారికి సైకిలు కూడా లేదురా. లుస్త్ర అనే ఊళ్ళో ఆయన నాలుగు మంచి మాటలు చెబితే జనం రాళ్ళతో కొట్టి, ప్రాణం పోయిందనుకుని ఊరి బయటికి ఈడ్చి పారేశారు. ఆయన ఏం చేశాడు? లేచి, మళ్ళీ అదే ఊళ్ళోకి నడిచాడు. మర్నాడు ఇంకో ఊరికి ప్రయాణం కట్టాడు. ఒళ్ళంతా దెబ్బలతో, పక్కన అన్నం వండిపెట్టే దిక్కు లేకుండా. నీ మీద ఎవరూ రాయి వెయ్యలేదు. అగ్గిపెట్టె ఇవ్వలేదు, అంతేగా. ముక్తేశ్వరంలో డజను కొనుక్కో.

నేను ఆ లంకల్లో తిరిగిన రోజుల్లో చెప్పులు చేత్తో పట్టుకుని, చీర ఎగ్గట్టి, నెత్తి మీద పుస్తకాల పెట్టెతో నడిచేదాన్ని. పాము కనిపిస్తే దానికి దారిచ్చేదాన్ని. నాకు భయమంటే ఏమిటో తెలియదు. నువ్వు నా మేనల్లుడివి, అది గుర్తుపెట్టుకో.

మన సంఘ పెద్ద యాకోబుగారి చేత కందిపొడి, నిమ్మకాయ పచ్చడి పంపుతున్నాను. పచ్చడి జాడీలో తడి గరిట పెట్టావంటే ఊరుకోను. తడి లాగులు దడి మీద ఆరేయకు, సువార్తికుడి లాగు ఊరంతా చూడక్కర్లేదు.

నా పేరు మాత్రం అక్కడ ఎత్తొద్దు. ఎవరి పేరు వాళ్ళే సంపాదించుకోవాలి.

నీ అత్త
దీవెనమ్మ

తా.క. ఆ బియ్యం తెచ్చినావిడ పేరేమిటి? ఊరికే అడిగాను.


రేగులంక,
20 అక్టోబరు 1998

అత్తయ్యగారికి,

తొమ్మిది రోజులు ఏరు దాటలేదు. వరద పాక గడప దాకా వచ్చి, లోపల చూసి, దోచుకోవడానికి ఏమీ లేదని వెనక్కి పోయింది. మీ కందిపొడితో బతికాను. గరిట పొడిగానే ఉంది.

ఆ తొమ్మిది రోజుల్లో ఒక మేలు జరిగింది. పడవలు కదలక, పడవ వాళ్ళు రేవులో ఊరికే కూర్చున్నారు. నేను వెళ్ళి పౌలుగారి ఓడ బద్దలైన కథ మొదలుపెట్టాను. అప్పలస్వామీ, ఇంకో ఇద్దరూ వినడానికి వచ్చారు. ఆ ఇద్దరిలో లోవరాజనే అతను మొదటి మాటకే నిద్రపోతాడు గానీ, రోజూ వస్తాడు.

మీరు చెప్పినంత బాగా నేను చెప్పలేను. పైగా వీళ్ళు పుట్టు సరంగులు. "చలికాలం వస్తోంది, ప్రయాణం వద్దని పౌలుగారు చెప్పినా ఓడవాళ్ళు వినలేదు, దక్షిణపు గాలి మెల్లగా వీచేసరికి లంగరెత్తారు" అన్నానో లేదో, అప్పలస్వామి అడ్డుపడ్డాడు.

"మెల్లగా వీచిందని లంగరెత్తేసేడా? ఆణ్ణి సరంగుని చేసినోణ్ణి అనాలండి."

"తర్వాత పెద్ద తుఫాను వచ్చింది. పద్నాలుగు రోజులు" అన్నాను.

"రాదాండి మరి" అన్నాడు అప్పలస్వామి. తొంభై ఆరు తుఫానులో పడవ పోగొట్టుకున్న మనిషి. ఆ తర్వాత అడ్డుపడకుండా విన్నాడు.

అంతవరకే. వాళ్ళ ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళు ఒక్కరూ రారు. ఎదురుపడితే పక్కకి తప్పుకుంటారు. బియ్యం తెచ్చినావిడ పేరు బుజ్జమ్మ. ఆ నిద్రపోయే లోవరాజు తల్లే. మొన్న మీ పేరు పొరపాటున నా నోట జారింది. అప్పలస్వామి నన్ను ఎగాదిగా చూసి, "ఆవిడ తాలూకా మీరు" అని, పడవ గెడ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ మాటకి అర్థం ఏమిటి అత్తయ్యగారూ?

క్రిస్మసుకి మీరు రండి. మీరు ఒక్క ఆదివారం పాట ఎత్తుకుంటే ఈ లంక లంకంతా కదులుతుంది. మీరు రాకపోతే నేను ఈస్టరుకి బావ కొట్టుకి పోవడం ఖాయం. మీరు మా ఇంటికి రావాలన్నా ఏరు దాటించే పంటు ఎక్కకుండా గన్నవరం మీదుగా బస్సులో చుట్టూ తిరిగి వస్తారని మాకు తెలుసు. బస్సులో కిటికీ సీటు మీద అంత ప్రేమ ఉన్నా, ఈ ఒక్కసారికి పడవ ఎక్కండి.

ప్రకాశం


రాజోలు,
12 డిసెంబరు 1998

చిరంజీవి ప్రకాశానికి,

క్రిస్మసుకి రావాలని నాకు మాత్రం ఉండదా. కానీ కుదరదు. మోకాలు సహకరించడం లేదు. మోకాలు ఎలాగో సహకరించినా కోళ్ళు సహకరించవు. నేను లేకపోతే అవి గుడ్లు పక్కింటి సూర్యకాంతం పెరట్లో పెడతాయి. ఆవిడ మంచిదే గానీ గుడ్డు దగ్గర మనిషి మారిపోతుంది. అదీగాక ఇక్కడ ఆడవాళ్ళ పాటల బృందానికి నేను లేకపోతే శ్రుతి ఎవరు ఇస్తారు? చలి కూడా ఎక్కువగా ఉంది. నీళ్ళ మీద చలి ఇంకా ఎక్కువ.

స్వెట్టరు పంపుతున్నాను. అరిసెలు పంపుతున్నాను. పడవ వాళ్ళకి పెట్టు. లోవరాజుకి రెండు ఎక్కువ పెట్టు, నిద్రలో నమలలేడు కాబట్టి మెలకువగా ఉంటాడు.

పౌలుగారు చెరసాలలో కాళ్ళకి కొయ్య బొండ బిగించి ఉండగా కూడా పాటలు పాడాడు. నువ్వూ పాడు.

నీ అత్త
దీవెనమ్మ


రేగులంక,
15 ఫిబ్రవరి 1999

అత్తయ్యగారికి,

మొన్న యాకోబుగారు వచ్చి, జనవరిలో ఆయన మనవరాలి పెళ్ళిలో మీరు ఊరేగింపు వెంట రాజోలు సెంటరు దాకా చప్పట్లు కొడుతూ నడిచారని చెప్పారు. మోకాలికి నా అభినందనలు తెలియజేయండి.

నాకు అంతా తెలిసిపోయింది. కోపంగా రాద్దామని కూర్చున్నాను గానీ, రాస్తుంటే సిగ్గే ఎక్కువగా ఉంది. ఎలా తెలిసిందో చెబుతాను.

పోయిన వారం రేవులో, ఇన్నాళ్ళూ సాగిన ఓడ కథ చివరి భాగం చెప్పాను. ఓడ బద్దలై, అందరూ పలకలు పట్టుకుని ఈదుకుంటూ మెలితే ద్వీపం చేరిన సంగతి. అక్కడి వాళ్ళు వీళ్ళ భాష రానివాళ్ళు, వీళ్ళ దేవుణ్ణి ఎరగనివాళ్ళు. అయినా వానలో చలికి వణుకుతున్న వాళ్ళని చూసి మంట వేసి చేర్చుకున్నారు అని చెప్పాను. అప్పలస్వామి బీడీ ఆర్పేసి అడిగాడు:

"ఆ లంకోళ్ళు మంటేస్తే, మీ పౌలుగారు ఒద్దన్నారాండి?"

"ఎందుకంటారు? ఆయన కూడా పుల్లలు ఏరి మంటలో వేశారు."

"మరి మీరు బుజ్జమ్మక్క బియ్యం ఎందుకు తిప్పికొట్టేరండి?"

ఆ బియ్యం సంగతేమిటని అడిగాను. అప్పుడు మొత్తం చెప్పాడు. అరవై ఆరులో దీవెనమ్మ అనే బైబిలమ్మగారు ఈ లంకలో మూడు వారాలు ఉందట. బుజ్జమ్మకి కాన్పు కష్టమైతే రెండు రోజులు కూర్చుని ప్రాణం నిలబెట్టిందట. వెళ్తూ వెళ్తూ ఒక అలవాటు నేర్పిందట. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి విడిగా ఉంచాలి, లేనివాళ్ళ కోసం, దారిన పోయేవాళ్ళ కోసం. "వచ్చే శనివారం వస్తాను, నా పిడికెడు తీసి ఉంచు" అందట. ఆ శనివారం రాలేదు. ఏ శనివారమూ రాలేదు.

బుజ్జమ్మ మాత్రం తీస్తూనే ఉంది. ముప్పై రెండేళ్ళుగా, పూటకొక పిడికెడు. ఆ కుండకి ఈ లంకలో పేరు "అమ్మగారి పిడికెడు". టీకాలు వేసేవాళ్ళు, పోస్టు మనిషి, గేదెలు కొనడానికి వచ్చి పడవ తప్పినవాళ్ళు, ఆకలితో ఈ రేవులో దిగిన ప్రతి మనిషీ ఆ బియ్యం తిన్నవాళ్ళే. తుఫానప్పుడు అప్పలస్వామి పిల్లలు తిన్నది అదే. దాన్ని తిరిగిచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆవిడ ఇంటికి పరుగెత్తాను. తప్పయిపోయిందని చేతులు పట్టుకున్నాను. ఆవిడ చేట పక్కన పెట్టి, "నువ్వు తిప్పికొట్టింది నన్ను కాదు బాబూ. ఆ బియ్యం నాయి కావు, ఆవిడియ్యి. ఆవిణ్ణొచ్చి పుచ్చుకోమను. అప్పుడు నీకూ పెడతాను" అంది. గట్టిగా అనలేదు. మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

నా మొదటి ఉత్తరంలోనే కొబ్బరి చిప్ప సంగతి రాశాను. అదేమిటో మీకు అప్పుడే తెలుసు. "వెళ్ళి తీసుకోరా" అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. లుస్త్ర కథ రాశారు, లాగుల సంగతి రాశారు, ఇది రాయలేదు. ఎందుకు?

మీరు రావాలి. మీరు వస్తేనే ఇక్కడ నాకు పని. లేదంటే ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారానికి ఒక రోజు ముందు పెట్టె సర్దుకుంటాను.

ప్రకాశం


రాజోలు,
10 మార్చి 1999

నాయనా ప్రకాశం,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. ఇది ఐదోది. ఇన్‌లాండ్ కవర్లు అయిపోయాయి కాబట్టి ఇది పంపక తప్పదు.

ఆ రోజు వెళ్తూ నిజంగానే శనివారం వస్తానన్నాను. నడి ఏట్లో సుడి పట్టి పడవ తిరగబడింది. పడవలో నేనూ, ఒక మేకా, కుర్రవాడు అప్పలస్వామీ. మేక ఈదుకుంటూ పోయి ఒడ్డెక్కింది. నన్ను అప్పలస్వామి జుట్టు పట్టి లాగాడు. నా పుస్తకాల పెట్టె మునిగిపోయింది. ఒడ్డున వాంతి చేసుకుంటూ, ఇక ఈ జన్మలో పడవ ఎక్కనని నిశ్చయించుకున్నాను. మిషను వాళ్ళకి కీళ్ళ నొప్పులని రాసి రాజోలుకి బదిలీ చేయించుకున్నాను. అప్పుడు నాకు ముప్పై మూడేళ్ళు, కీళ్ళు ఇనప కీళ్ళు. నా మోకాలు అబద్ధం చెప్పడం అప్పటినుంచే నేర్చుకుంది.

నాకు భయమంటే తెలియదని నీకు రాశాను. నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదురా. నీకు పౌలుగారి కథలు అన్నీ చెప్పాను, ఒకటి తప్ప. ఆయన మొదటి ప్రయాణంలో మార్కు అని ఒక కుర్రవాడు వెంట వెళ్ళాడు. సముద్రం దాటి పెర్గే చేరగానే ఆ కుర్రవాడు వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయాడు. ఎందుకో ఎక్కడా రాసి లేదు. నాకు మాత్రం తెలుసు. సండే స్కూల్లో నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, ఆ పాఠం వచ్చినప్పుడల్లా పిల్లల చేత పాటలు పాడించి గంట కొట్టించేదాన్ని.

బుజ్జమ్మ పిడికెడు తీస్తోందని నీ మొదటి ఉత్తరంలోనే తెలిసింది. చిప్ప సంగతి చదివి ఆ రోజు అన్నం తినలేకపోయాను. చెబితే మిగతాదీ చెప్పాలి. నువ్వు నన్ను ధైర్యవంతురాలు అనుకుంటున్నావు. ఆ ఒక్కటీ పోగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది. నా పరువు కోసం నిన్ను ఎనిమిది నెలలు పస్తు పెట్టాను. క్షమించు.

పోయిన మంగళవారం ప్రయత్నించాను. దగ్గర్లో ఉన్న రేవుకి గొడుగు పట్టుకుని వెళ్ళాను. పంటు వచ్చింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు. ఒడ్డున నిలబడి అందరికీ టాటా చెప్పి ఇంటికి వచ్చేశాను.

నావల్ల కాదు. నువ్వు బావ కొట్టుకి వెళ్తే నిన్ను పల్లెత్తు మాట అనను. అనే అర్హత నాకు లేదు.

నీ అత్త
దీవెనమ్మ


రాజోలు,
28 మార్చి 1999, మట్టల ఆదివారం

అత్తయ్యగారికి,

మీ అరుగు మీద కూర్చుని మీకు ఉత్తరం రాస్తున్నాను. నవ్వొస్తోంది గానీ నవ్వడానికి పక్కన ఎవరూ లేరు, కోళ్ళు తప్ప.

నిన్న సాయంత్రం పెట్టె సర్దుకుని లంక దాటాను. వస్తానని గానీ రానని గానీ ఎవరికీ చెప్పలేదు. అప్పలస్వామి కూడా అడగలేదు. బుజ్జమ్మగారు గట్టు మీద గడ్డి కోస్తూ తలెత్తి చూసి, మళ్ళీ కోసుకుంది. రాత్రికి అమలాపురంలో అక్క ఇంట్లో పడుకున్నాను. ఈస్టరు మర్నాడు కొట్టులో చేరమన్నాడు బావ. చేరేముందు మీకు ఎదురుగా చెబుదామని ఇవాళ మధ్యాహ్నానికి ఇక్కడికి వస్తే తాళం.

సూర్యకాంతంగారు చెప్పారు: "తెల్లారగట్లే మొదటి బస్సుకి వెళ్ళిపోయేరు బాబూ. గొడుగు, టిఫిను క్యారేజీ, చేతిలో ఒక కొబ్బరి మట్ట. ఎక్కడికండీ అంటే, ఒక మనిషికి శనివారం వస్తానని చెప్పేను, ఆలస్యమైపోయింది అన్నారు. మళ్ళీ వాకిట్లోకొచ్చి, నా మోకాలు అడిగితే ఇంట్లో లేనని చెప్పండి అన్నారు. మనిషి బాగానే ఉన్నారంటావా?"

బాగానే ఉన్నారని చెప్పాను. మీ కోళ్ళు నిజంగానే ఆవిడ పెరట్లోనే గుడ్లు పెడుతున్నాయి.

ఇది లంక చిరునామాకే రాస్తున్నాను. మీరు అక్కడ ఉంటే చదువుకుంటారు. ఒడ్డునే టాటా చెప్పి వచ్చేస్తే, ఇక్కడ అరుగు మీద ఎలాగూ నేను ఉంటాను.

ప్రకాశం


రేగులంక,
31 మార్చి 1999

ఒరేయ్ ప్రకాశం,

పైన ఊరి పేరు చదివావు కదా. మళ్ళీ ఒకసారి చదువు. నేను కూడా రాసి రెండుసార్లు చదువుకున్నాను.

రేవులో అప్పలస్వామి నన్ను చూసి బీడీ పారేశాడు. పడవలోంచి గేదెని దింపేసి, నాకోసం గోనె పరిచాడు. కళ్ళు గట్టిగా మూసుకుని ఎక్కి కూర్చున్నాను. నడి ఏట్లోకి వచ్చాక అప్పుడు చెప్పాడు, "మీ మేనల్లుడుగారు నిన్న సాయంత్రం పెట్టె తీసుకుని వెళ్ళిపోయేరండి" అని. ఒడ్డు మీద చెప్పి ఉండొచ్చు కదయ్యా అన్నాను. "చెబితే మీరెక్కరు కదండి" అన్నాడు. అప్పుడు కళ్ళు తెరిచాను, వాణ్ణి తిట్టడానికి. తిడుతూ ఉండగానే అవతలి ఒడ్డు వచ్చేసింది. ముప్పై రెండేళ్ళు భయపడిన ఏరు అంతేరా. ఒక మనిషిని తిట్టేపాటి దూరం.

బుజ్జమ్మ ఇంటి ముందు నిలబడ్డాను. ఏమేమి చెప్పాలో బస్సులో నాలుగు గంటలు వల్లె వేసుకున్నాను. ఒక్కటీ రాలేదు. ఆవిడ నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

"శనివారం వస్తానన్నారు" అంది.

"వచ్చాను" అన్నాను.

"ఇయాళ ఆదివారం కదండి అమ్మగారూ. ఒక రోజు ఆలిస్యం."

అని, చేత్తో నోరు మూసుకుని నవ్వడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నవ్వుతూ, నేను ఏడుస్తూ ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. లోవరాజు నిద్రలేచి వచ్చి చూసి, పోయి మళ్ళీ పడుకున్నాడు. నీ వాక్యంలో నిద్రపోయే ఆ మనిషిని ఈ భూమ్మీదికి దించింది నేనే. అప్పుడు కూడా ఏడవకుండా నిద్రపోతూనే పుట్టాడు.

ఆ కుండలో బియ్యం వండి పెట్టింది. వంకాయ కూర చేసింది. తిన్నాను. తింటుంటే చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి గడప దగ్గర నిలబడి చూశారు. అందులో ఒకామె, "ఈవిడేనా అమ్మగారు, ఇంత పొట్టిగా ఉన్నారు" అంది. సాయంత్రం అందరం నీ పాకలో కూర్చున్నాం. పదకొండు మందిమి, కుక్క కాక. పాట నేనే ఎత్తుకున్నాను. అప్పలస్వామి పౌలుగారి కథ ఇంకోటి చెప్పమన్నాడు. మార్కు కథ నేను జీవితంలో మొదటిసారి పూర్తిగా చెప్పాను. ఎన్నో ఏళ్ళ తర్వాత పౌలుగారు చెరసాలలో ముసలివాడై ఉండి, ఆ పారిపోయిన మార్కునే వెంటబెట్టుకు రమ్మని, అతను తనకి పనికొస్తాడని ఉత్తరం రాసిన సంగతి కూడా చెప్పాను. బుజ్జమ్మ విని, "పెద్దమనిషి" అంది. పౌలుగారినో, మార్కునో నేను అడగలేదు.

నీ ఉత్తరం ఇవాళ పొద్దున్న అందింది. బుజ్జమ్మకి చదివి వినిపించాను. "అబ్బాయి మళ్ళీ వస్తానన్నాడాండి?" అని అడిగింది. అనలేదన్నాను.

"అయితే ఫరవాలేదు. మీరు వస్తానన్నారు కాబట్టి ముప్పై రెండేళ్ళు పట్టింది" అంది. అని, లేచి ఎసరు పెట్టింది. కుండలోకి ఒక పిడికెడు తీసింది. తర్వాత చూరులోంచి ఇంకో కొబ్బరి చిప్ప తీసి, తుడిచి, అందులో ఇంకో పిడికెడు వేసింది. 

ఈ ఉత్తరం అప్పలస్వామి చేతికే ఇచ్చి పంపుతున్నాను. బావ కొట్టుకి వెళ్తావో, ఇక్కడికి వస్తావో నీ ఇష్టం, నేను ఒక్క మాట అనను. ఒక్క సంగతి మాత్రం తెలుసుకో. వచ్చేటప్పుడు తిట్టడానికి అప్పలస్వామి ఉన్నాడు. వెళ్ళేటప్పుడు వాణ్ణి తిట్టడానికి నాకు మనసొప్పదు, మంచివాడు. పక్కన తిట్టడానికి తగిన మనిషి ఎవరైనా ఉంటే తప్ప నేను మళ్ళీ ఆ పడవ ఎక్కను. నువ్వు రాలేదంటే ఈస్టరు ఆరాధన నేనే చెయ్యాలి, ఆ తర్వాత ఆదివారమూ నేనే చెయ్యాలి, ఆ కారే పాకలో మంచం జరుపుకుంటూ ఇక్కడే ఉండిపోవాలి.

తాళం చెవి పెట్టడానికి గుమ్మం పక్కన తులసి కోట లేదు కదా మనకి, అందుకని కోళ్ళ గూడు కింద పెట్టాను. కందిపొడి డబ్బా ఎడమ వైపు అరలో ఉంటుంది, తీసుకురా. కోళ్ళని సూర్యకాంతానికి అప్పగించు, గుడ్లు ఆవిణ్ణే తినమను.

శనివారం వస్తానని మాత్రం చెప్పకు. ఊరికే వచ్చెయ్.

నీ అత్త
దీవెనమ్మ